టీకా మన హక్కు... సంతకం మన అమ్మానాన్నలది!



వార్షికోత్సవ సంచిక అనగానే హాస్టల్ జ్ఞాపకాలు, కవితలు, చదువు గొప్పతనం మీద వ్యాసాలు వస్తాయి. నేను మాత్రం సూది గురించి రాస్తున్నాను. నవ్వకండి. మన హాస్టల్ పిల్లల బతుకులో సూదికి ఉన్న చోటు చాలా పెద్దది. దాని గురించి మనమే మాట్లాడకపోతే మన తరఫున ఇంకెవరో మాట్లాడతారు. ఇంకెవరో సంతకం పెడతారు.

ప్రతి జూన్ నెలలో హాస్టల్ సీటు కోసం మన అమ్మానాన్నలు ఎన్ని కాగితాలు పట్టుకొస్తారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, బోనఫైడ్, టీసీ, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ఒక్కో కాగితం కోసం మీసేవ చుట్టూ, తహసీల్దార్ కార్యాలయం చుట్టూ తిరిగి ఒక్కో రోజు కూలి పోగొట్టుకుంటారు. మన కులం ఏమిటో చెప్పే కాగితం ఉంది. మన నాయన సంపాదన ఎంతో చెప్పే కాగితం ఉంది. మన ఒంట్లో ఏ రోగానికి రక్షణ ఉందో, దేనికి లేదో చెప్పే కాగితం మాత్రం ఆ కట్టలో ఉండదు. చిన్నప్పుడు అంగన్‌వాడీలో ఇచ్చిన ఆ టీకా కార్డు ఇంట్లో ఏ ట్రంకు పెట్టె అడుగునో ఉంటుంది. లేదా వానకు తడిసి ఎప్పుడో పోయి ఉంటుంది.

కరోనా వచ్చి వెళ్లిన తర్వాత ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. బడిలో, కాలేజీలో, హాస్టల్లో చేరాలంటే టీకాలు తప్పనిసరి చేయాలా? ఈ ప్రశ్నకు నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టీకా అందించడం ప్రభుత్వానికి తప్పనిసరి కావాలి. కార్డు అడిగి, తప్పిపోయిన టీకాలు వేయించడం హాస్టల్‌కు తప్పనిసరి కావాలి. కానీ కార్డు లేదని బిడ్డను గేటు నుంచి వెనక్కి పంపకూడదు. అమ్మానాన్నలకు ఒక్క మాట చెప్పకుండా వార్డెన్ సంతకంతో సూది వేయకూడదు. ఎందుకో వివరంగా చెబుతాను.

టీకా ఏం చేసింది?

ముందుగా ఒక మాట. టీకాల మీద అనుమానం పుట్టించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అలా ఎవరైనా అర్థం చేసుకుంటే నా మీద ఒట్టే!

మీ ఇంట్లో ముసలివాళ్ల భుజం మీద నాణెం అంత మచ్చ ఒకటి చూసే ఉంటారు. అది మశూచి టీకా మచ్చ. మశూచిని మన పల్లెల్లో రోగం అనేవాళ్లు కాదు, 'అమ్మవారు' అనేవాళ్లు. పోచమ్మకు బోనం పెట్టి, వేపమండలు కట్టి, ప్రాణం ఉంటుందో పోతుందో అని ఎదురుచూసేవాళ్లు. బతికినా కొందరికి కళ్లు పోయేవి, ముఖమంతా గుంటలు పడేవి. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచం నుంచే ఆ రోగం పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మన తరం వాళ్ల భుజం మీద ఆ మచ్చ లేదు. ఆ రోగమే లేనప్పుడు ఆ టీకా అవసరం లేకపోయింది!

పోలియో కథ కూడా అంతే. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా గుర్తించింది. మన కన్నా పదిహేను, ఇరవై ఏళ్లు పెద్దవాళ్లలో కాలు ఈడ్చుకుంటూ నడిచే అన్నలు, అక్కలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మన తోటి పిల్లల్లో అలాంటి వాళ్లు ఎంతమంది? ఆ రెండు చుక్కలు చేసిన మేలు అది.

హాస్టల్ వేరు, ఇల్లు వేరు

ఇంట్లో ఒకరికి తట్టు పోస్తే ఇంట్లో నలుగురికి ప్రమాదం. హాస్టల్లో ఒకరికి పోస్తే? ఒకే హాలులో ట్రంకు పెట్టెల మధ్య పక్క పక్కనే పడుకుంటాం. ఒకే తొట్టి దగ్గర ముఖం కడుగుతాం, ఒకే వరుసలో పళ్లెం పట్టుకుని నిలబడతాం. టీకా రక్షణ లేని వాళ్ల మధ్య తట్టు వచ్చిన ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి ఆ రోగం పాకగలదు. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ క్రిమి గాలిలో ఉంటుంది. అందుకే నూటికి 95 మందికి రెండు డోసులూ పడితేనే తట్టు ఆగుతుందని వైద్యులు చెబుతారు. హాస్టల్ పిల్లలకు మిగతా పిల్లల కన్నా ఎక్కువ రక్షణ కావాలి అనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

ఇప్పుడు మన దేశపు టీకాల పట్టిక చూద్దాం. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్. తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, ఏడాదిన్నర వయసులో మరోసారి తట్టు-రుబెల్లా టీకా. ఐదేళ్లు దాటాక డీపీటీ బూస్టర్. ఆ తర్వాత 10 ఏళ్లకు ఒకటి, 16 ఏళ్లకు ఒకటి టీడీ టీకా. ధనుర్వాతం నుంచి, కంఠసర్పి నుంచి కాపాడేది ఇదే.

ఈ పట్టికలో చివరి రెండు వయసులు జాగ్రత్తగా చూడండి. 10 ఏళ్లు, 16 ఏళ్లు. అంటే ఐదో తరగతి, ఇంటర్మీడియట్. సరిగ్గా మనం హాస్టల్లో ఉండే వయసు! అమ్మ ఒడిలో ఉన్నప్పుడు ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్ ముగ్గురూ వెంటపడి టీకా వేయిస్తారు. హాస్టల్‌కు వచ్చాక మనం ఎవరి లెక్కలో ఉంటాం? ఊరి ఏఎన్ఎం పుస్తకంలో 'ఊళ్లో లేదు' అని ఉంటుంది. హాస్టల్ ఉన్న వార్డు ఏఎన్ఎం పుస్తకంలో మన పేరే ఉండదు. చాలామంది హాస్టల్ పిల్లలకు ఈ రెండు టీకాలు పడ్డాయో లేదో వాళ్లకే తెలియదు. నమ్మకపోతే మీ గదిలో పదిమందిని అడిగి చూడండి.

కంఠసర్పి పోయిన రోగం కాదు. కేరళలోని మలప్పురం జిల్లాలో 2015, 2016 సంవత్సరాల్లో అది మళ్లీ వచ్చి పిల్లల ప్రాణాలు తీసింది. చదువులో, వైద్యంలో దేశానికే ముందున్న రాష్ట్రం అది. టీకా పడని పిల్లలు కొందరు ఒకచోట ఉంటే చాలు, రోగానికి దారి దొరుకుతుంది.

మన జహీరాబాద్ సంగతి

మన జహీరాబాద్ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. బీదర్ మనకు సంగారెడ్డి కన్నా దగ్గర. మన వాళ్లకు అటు పెళ్లిళ్లు, అటు చుట్టరికాలు. కాన్పుకు తల్లిగారింటికి పోతే బిడ్డ అక్కడ పుడుతుంది, కార్డు కన్నడలో వస్తుంది. ఇటు తండాల నుంచి, పల్లెల నుంచి చెరుకు కొట్టడానికి, కూలి పనులకు పిల్లా జెల్లాతో పోయే కుటుంబాలు ఉన్నాయి. ఆర్నెల్లు ఒకచోట, ఆర్నెల్లు ఒకచోట. ఒక డోసు ఇక్కడ, ఒక డోసు అక్కడ, మధ్యలో ఒకటి ఎక్కడా లేదు!

2017లో తట్టు-రుబెల్లా టీకాను 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ వేశారు. కర్ణాటకలో ఆ కార్యక్రమం ఫిబ్రవరిలో మొదలైంది. మన తెలంగాణలో ఆగస్టులో మొదలైంది. బీదర్ బడిలో చదివే పిల్లకు ఫిబ్రవరిలో, పాతిక ముప్ఫై కిలోమీటర్ల ఇవతల జహీరాబాద్ బడిలో చదివే ఆమె పెద్దమ్మ కూతురికి ఆగస్టులో! రోగానికి చెక్‌పోస్టు లేదు కదా. ఇక మధ్యలో వలస పోయి రెండు చోట్లా బడిలో లేని పిల్లల సంగతి చెప్పేదేముంది?

ఇలాంటి చోట 'కార్డు ఉంటేనే సీటు' అని నియమం పెడితే ఏమవుతుందో ఆలోచించండి. పట్నంలో ఉద్యోగస్తుల పిల్లలకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్ల కార్డు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంటుంది. లేకపోయినా ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి ఒక గంటలో కొత్తది తెచ్చుకుంటారు. గేటు బయట నిలబడేది ఎవరు? తండా పిల్ల, వాడ పిల్ల, వలస పోయిన కూలీ కొడుకు. టీకా అందరికన్నా ఎక్కువ అవసరమైన పిల్లే బయట మిగిలిపోతుంది. చదువూ పోతుంది, టీకా కూడా రాదు. ఆడపిల్ల అయితే ఆ ఏడాదే పెళ్లి కూడా చేసేస్తారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. నేను హాస్టల్లో చేరిన రోజు ఇంకొక్క కాగితం అడిగి ఉంటే ఈ రోజు ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

బయటి ప్రపంచంలో ఎలా ఉంది?

'అమెరికాలో బడిలో చేరాలంటే టీకాలు తప్పనిసరి కదా, మనకెందుకు కూడదు' అని కొందరు అడుగుతారు. నిజమే. టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో పట్టణంలో మశూచి టీకా వేసుకోని బాలికను బడిలోకి రానివ్వకపోతే ఆ కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయింది. పట్టణం పెట్టిన నియమం సరైనదేనని 1922లో కోర్టు తీర్పు చెప్పింది. ఇప్పుడు ఎం.ఎస్. చదవడానికి వెళ్లే మన తెలుగు విద్యార్థులను కూడా అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు ఎంఎంఆర్ టీకా రెండు డోసుల రుజువు అడుగుతాయి. వీసా వచ్చిన సంబరంలో ఉన్నవాళ్లు చిన్ననాటి కార్డు కోసం ఇల్లంతా వెతుకుతారు, దొరక్కపోతే మళ్లీ వేయించుకుంటారు. అంత దూరం ఎందుకు, మన జహీరాబాద్ నుంచి హజ్ యాత్రకు వెళ్లే పెద్దలు మెనింజైటిస్ టీకా వేయించుకోనిదే విమానం ఎక్కలేరు.

కానీ ఒక తేడా గమనించండి. హజ్‌కు వెళ్లే మనిషికి, అమెరికా వెళ్లే విద్యార్థికి ఏ టీకా వేస్తున్నారో తెలుసు, ఎందుకో తెలుసు. వాళ్లే స్వయంగా వెళ్లి చేయి చాపుతారు. హాస్టల్ పిల్లకు ఈ మూడింటిలో ఏదీ లేదు. ఒక మధ్యాహ్నం జీపు వస్తుంది. బెల్లు కొడతారు. వరుసలో నిలబెడతారు. అంతే!

వేరే ఊళ్లో నేను ఎనిమిదో తరగతి చదివినప్పుడు అలా ఒక సూది వేశారు. రాత్రికి చేయి వాచి జ్వరం వచ్చింది. పక్క మంచం పిల్లకూ వచ్చింది. పొద్దున్నకు తగ్గిపోయింది, అది మామూలే అని ఇప్పుడు తెలుసు. అప్పుడు చెప్పేవాళ్లు లేక ఇద్దరం ఏడుస్తూ పడుకున్నాం. పది రోజుల తర్వాత ఆదివారం అమ్మ చూడటానికి వచ్చి చేయి పట్టుకుని, 'ఏం సూది బిడ్డా అది? నన్నొక్క మాట అడిగితే ఏం పోతుండె?' అంది. ఆ సూది పేరు మా అమ్మకు తెలియలేదు. పీజీ చదువుతున్న నాకూ ఇప్పటికీ తెలియదు. దాని కాగితం ఎక్కడా లేదు.

ఖమ్మం నేర్పిన పాఠం

ఇది నా ఒక్కదాని బాధ అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. మన రాష్ట్రంలోనే ఇంతకన్నా పెద్ద సంగతి జరిగింది. హాస్టల్లో చదివే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన సంగతి అది.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా ఇది. 'పాత్' అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే చేశారు. టీకా వేయించుకున్న బాలికల్లో చాలామంది గిరిజన, దళిత పిల్లలు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. అంటే మనలాంటి వాళ్లు.

కొంత కాలానికి, టీకా వేయించుకున్న బాలికల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారని బయటికి వచ్చింది. మహిళా సంఘాలు ఖమ్మం వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడాయి. గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది. ఈ మాట కూడా దాచకుండా చెప్పాలి. ఎందుకంటే ఆ టీకా చెడ్డదని ఇప్పటికీ కొందరు ప్రచారం చేస్తుంటారు. అది నిజం కాదు.

మరి తప్పు ఎక్కడ జరిగింది? సంతకం దగ్గర! ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖకు చెందిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో ఈ అంకెలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి! ప్రతి పది పత్రాల్లో దాదాపు మూడింటి మీద అమ్మ లేదు, నాయన లేడు, వార్డెన్ ఉన్నాడు. వేలిముద్ర వేసిన తల్లిదండ్రులకైనా కాగితంలో ఏముందో ఎవరు చదివి చెప్పారు? వార్డెన్లను నేను నిందించడం లేదు. పై నుంచి చెప్పారు, వాళ్లు చేశారు. కానీ మన బువ్వకు, మన పక్కకు బాధ్యుడైన మనిషి మన ఒంటికి కూడా యజమాని అవుతాడా? పేదవాళ్ల పిల్లలు కాబట్టే కదా ఇంత సులువుగా జరిగిపోయింది? ఇదే పని హైదరాబాద్‌లో పెద్ద కార్పొరేట్ బడిలో చేయగలరా?

ఈ కథలో అందరికన్నా నష్టపోయింది ఎవరో తెలుసా? మళ్లీ మనమే. ఆ గొడవ తర్వాత మన దేశంలో హెచ్‌పీవీ టీకా పేరెత్తడానికే ప్రభుత్వాలు ఏళ్ల తరబడి వెనుకాడాయి. సిక్కిం రాష్ట్రం 2018లో బడుల ద్వారా తమ బాలికలకు వేసింది. మిగతా దేశంలో 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో గానీ ఆర్థిక మంత్రి 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్న మాట చెప్పలేదు. ఈలోగా ఏం జరిగింది? 2020 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే మన దేశంలో లక్షా 20 వేల మందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చింది, 77 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరో చెప్పనక్కర లేదు. పొలంలో నడుం వంచి పని చేసి, నొప్పి వచ్చినా ఎవరికీ చెప్పుకోలేక, చివరి దశలో ఆసుపత్రికి చేరే మన అమ్మలే!

ఒక్క నిమిషం ఓపిక పట్టి తల్లికి చెప్పి సంతకం తీసుకుని ఉంటే ఇంత జరిగేదా? సమ్మతి అడగడం వల్ల టీకా ఆలస్యమవుతుంది అనేవాళ్లకు ఖమ్మమే సమాధానం. అడగకపోవడం వల్ల పదేళ్లకు పైగా ఆలస్యమైంది.

కోర్టులు ఏమన్నాయి?

2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి కేసే విచారించింది. బడుల్లో తట్టు-రుబెల్లా టీకా వేస్తూ, తల్లిదండ్రులు వద్దని రాసివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని అక్కడి అధికారులు అనుకున్నారు. అది కుదరదని కోర్టు చెప్పింది. మౌనం సమ్మతి కాదు, తల్లిదండ్రులకు టీకా మంచి చెడ్డలు తెలియజేసి స్పష్టంగా ఒప్పుకోలు తీసుకోవాలి అంది. 2022 మే 2న సుప్రీంకోర్టు కరోనా టీకాల కేసులో తీర్పు ఇస్తూ, రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రకారం ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పింది. అదే తీర్పులో ప్రభుత్వ టీకా విధానాన్ని తప్పు పట్టలేదు. ప్రజల ఆరోగ్యం కోసం సహేతుకమైన షరతులు పెట్టవచ్చని కూడా చెప్పింది. బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం మన ఓటుకే కాదు, మన భుజానికి కూడా కాపలా ఉంది మిత్రులారా!

'మరి ఒకరు వద్దంటే?'

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది. దాన్ని తప్పించుకోకూడదు. ఒక తల్లి వద్దంటే, ఆమె బిడ్డ వల్ల పక్క మంచం పిల్లకు ప్రమాదం కదా? నిజమే. హాస్టల్లో ఒకరి ఇష్టం ఒకరితో ఆగదు.

నా సమాధానం ఇది. వివరంగా చెబితే వద్దనే తల్లులు చాలా తక్కువ. మన తల్లులు రోగం చూసినవాళ్లు. తట్టుతో బిడ్డను పోగొట్టుకున్న ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. వాళ్లు వద్దనేది టీకాను కాదు, చెప్పకుండా చేసే పెత్తనాన్ని. 2017లో తట్టు-రుబెల్లా టీకా మీద పుకార్లు సెల్‌ఫోన్లలో తిరిగాయి. పుకారు ఎప్పుడు నిలబడుతుంది? అసలు సంగతి చెప్పేవాళ్లు లేనప్పుడు. అయినా ఒకరిద్దరు వద్దంటే మళ్లీ మాట్లాడాలి. ఊరి ఆశా కార్యకర్తతో, తెలిసిన డాక్టరుతో చెప్పించాలి. నిజంగా హాస్టల్లో తట్టు వస్తే, టీకా లేని బిడ్డను ఆ కొద్ది రోజులు ఇంటికి పంపడం ఆ బిడ్డకూ మంచిదే. కానీ సీటు తీసేయడం మాత్రం శిక్ష. తల్లి భయానికి బిడ్డ చదువును శిక్షించకూడదు.

చెప్పడానికి మనకు దారులు లేవా? మన పక్కనే మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియో ఉంది. మన ఊళ్ల దళిత మహిళలే మన యాసలో మాట్లాడే రేడియో అది. పట్నం నుంచి వచ్చిన కరపత్రం కన్నా ఆ గొంతు మన అమ్మలకు దగ్గర.

మనం అడగాల్సినవి

ఉత్త విమర్శ చేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే కొన్ని కోరికలు రాస్తున్నాను. పెద్దలు వీటిని ఆలోచించాలి.

1. హాస్టల్ దరఖాస్తులో టీకాల కోసం ఒక గడి ఉండాలి. కార్డు ఉంటే నకలు తీసుకోవాలి. లేకపోతే 'లేదు' అని రాసుకుని సీటు ఇవ్వాలి. మొదటి నెలలోనే ఏఎన్ఎంను పిలిపించి, వయసును బట్టి తప్పిపోయిన టీకాలు వేయించాలి.

2. చేరే రోజు అమ్మో నాయనో తప్పకుండా వస్తారు. ఆ రోజే ఏడాదిలో వేయబోయే టీకాల పేర్లు, దేనికో, వేశాక ఏమవుతుందో చదివి చెప్పి సంతకం తీసుకోవాలి. తెలుగు రానివాళ్లకు ఉర్దూలో, కన్నడలో, లంబాడీలో చెప్పాలి. మధ్యలో కొత్త టీకా ఏదైనా వస్తే ఫోన్ చేయాలి. చెరుకు తోటలో ఉన్న నాయనకు కూడా ఇప్పుడు సెల్‌ఫోన్ ఉంది.

3. 10 ఏళ్ల, 16 ఏళ్ల టీడీ టీకా హాస్టల్ పిల్లల్లో ఒక్కరికీ తప్పిపోకూడదు. ఆధార్ నంబరు రాసుకునే రిజిస్టరులోనే దీనికీ ఒక వరుస గీయవచ్చు.

4. టీకా వేసిన వెంటనే జీపు వెళ్లిపోకూడదు. అరగంట ఉండి చూడాలి. రాత్రి జ్వరం వస్తే ఏ మాత్ర ఇవ్వాలో, ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద రాసి ఉండాలి. వేసిన టీకా పేరు, తేదీ రాసిన చీటీ ప్రతి బిడ్డ చేతికీ రావాలి.

5. బిడ్డకు కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతి పిల్లకు కిరణజన్య సంయోగక్రియ అర్థమైనప్పుడు టీకా అర్థం కాదా? ఇక కాలేజీ హాస్టళ్లలో 18 ఏళ్లు నిండినవాళ్ల సంతకం వాళ్లదే, వేరే ఎవరిదీ కాదు.

6. హాస్టళ్లను ఎక్కువగా పీడించే రోగాల్లో టైఫాయిడ్ ఒకటి. దానికి మంచి టీకా మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారు చేసింది. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో కూడా హైదరాబాద్ అని ఒక నగరం ఉంది. మందులకు లొంగని టైఫాయిడ్ 2016లో అక్కడ చెలరేగితే, 2018లో అక్కడి పిల్లలకు వేసింది ఈ టీకానే. 2019లో ఆ దేశం దాన్ని తన సాధారణ టీకాల్లో చేర్చుకుంది. మన హైదరాబాద్ టీకా ఆ హైదరాబాద్ బిడ్డకు చేరింది. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న జహీరాబాద్ హాస్టల్ బిడ్డకు ఉచితంగా ఎందుకు అందకూడదు?

చివరిగా...

సావిత్రీబాయి పూలే పేరు మన హాస్టళ్లలో తెలియనివాళ్లు లేరు. ఆమె ఎలా చనిపోయిందో ఎంతమందికి తెలుసు? పుణెలో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవ చేస్తూ అదే రోగం సోకి 1897 మార్చి 10న కన్నుమూసింది. అదే ఏడాది జనవరిలో బొంబాయిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త తాను తయారుచేసిన ప్లేగు టీకాను మొట్టమొదట తన ఒంటికే వేసుకుని చూశాడు. ఈ ఇద్దరి నుంచీ మనం నేర్చుకోవాల్సింది ఉంది. రోగం వస్తే అంటరానితనం పాటించకుండా పక్కన నిలబడటం ఆమె నేర్పింది. టీకా అనేది తెలిసి, ఒప్పుకుని వేసుకునేది అని అతను చూపించాడు.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ! ఈసారి దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. ట్రంకు పెట్టె తెరిచి మీ టీకా కార్డు వెతకండి. దొరికితే ఫోటో తీసి దాచుకోండి. దొరక్కపోతే మీ ఊరి ఆశా అక్కను అడిగి ఏ టీకాలు పడ్డాయో రాయించుకోండి. ఇంట్లో కూర్చోబెట్టి అమ్మకు, నాయనకు ఒక్కో టీకా ఎందుకో మీరే చెప్పండి. చదువుకున్న బిడ్డ ఇంట్లో ఉంటే ఇదీ ఉపయోగం. రేపు జీపు వచ్చినప్పుడు భయపడి బాత్రూముల వెనక దాక్కోకండి. వరుసలో ముందు నిలబడి, 'ఇది ఏ టీకా సార్? మా అమ్మకు చెప్పారా?' అని మర్యాదగా అడగండి. చెప్పిన తర్వాత ధైర్యంగా చేయి చాపండి.

జై భీమ్!

– ఎం.ఏ. విద్యార్థిని, హాస్టల్ పూర్వ విద్యార్థిని, జహీరాబాద్